ఐదు బ్యానర్ల కింద కొత్త కోచ్: ఇండియానా అభిమానుల లెక్కలో తిరకాసు ఎక్కడ?

2025 జనవరి 14 రాత్రి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బ్లూమింగ్టన్ ఊరు. అక్కడి అసెంబ్లీ హాల్‌లో ఇండియానా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు ఇలినాయ్ చేతిలో 94-69 స్కోరుతో చిత్తుగా ఓడిపోతోంది. మూడు రోజుల కిందటే అయోవాలో 85-60తో ఓడి వచ్చారు. ఇక జనానికి ఓపిక నశించింది. "వుడ్సన్‌ని తీసెయ్యండి" అని కేకలు మొదలయ్యాయి. కేకలు వేస్తున్నది అవతలి జట్టువాళ్ళు కాదు, టికెట్ కొనుక్కుని వచ్చిన సొంత మనుషులు.

ఆ మైక్ వుడ్సన్ కూడా పరాయివాడేమీ కాదు. 1976 నుంచి 1980 దాకా ఇదే కోర్టులో ఆడి పేరు తెచ్చుకున్నారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అట్లాంటా, న్యూయార్క్ జట్లకు కోచ్‌గా పనిచేసి, 63 ఏళ్ళ వయసులో 2021లో పుట్టింటికి వచ్చినట్టు వచ్చారు. ఆ కేకల తరవాతి నెలలోనే, సీజన్ ముగిశాక తప్పుకుంటానని ప్రకటించారు.

నాలుగేళ్ళలో ఆయన లెక్క 82 గెలుపులు, 53 ఓటములు. నూటికి 60.7. మన పరీక్షల్లో అయితే ఫస్ట్ క్లాసు. మరి ఫస్ట్ క్లాసు వచ్చినవాడిని ఎందుకు గెంటారు?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ హాల్లో ఓ చివర ఐదు బ్యానర్లు వేలాడుతుంటాయి. 1940, 1953, 1976, 1981, 1987. జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన సంవత్సరాలవి. చివరి మూడూ బాబ్ నైట్ అనే ఒకే కోచ్ తెచ్చినవి. 2000 సంవత్సరం తరవాత అక్కడ పనిచేసిన ప్రతి కోచ్‌నీ జనం ఆ గుడ్డముక్కల పక్కన నిలబెట్టి కొలిచారు. అయితే ఈ కొలతలో ఏ ముక్కని ఏ ముక్కతో పోలుస్తున్నారో కాస్త పట్టి చూస్తే, జవాబు ప్రతిసారీ మారిపోతుంది.

అసలు కాలేజీ ఆటకి ఇంత గోలేమిటి

మన దగ్గర యూనివర్సిటీల మధ్య పోటీలంటే చూసేది ఆడేవాళ్ళ స్నేహితులు, మహా అయితే హాస్టల్ వాళ్ళు. అసెంబ్లీ హాల్‌లో పదిహేడు వేల పైచిలుకు సీట్లున్నాయి. ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిన మన పిల్లలు మొదటి ఏడాది ఈ సంబరం ఏమిటో అర్థం కాక చూస్తారు. రెండో ఏడాదికి వాళ్ళూ ఆ ఎరుపు తెలుపు చారల ప్యాంటు వేసుకుని ఫొటోలు పంపిస్తారు.

సీజన్ నవంబర్‌లో మొదలై ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. జట్టు ముప్పైకి పైగా మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో సగానికి పైగా సొంత కాన్ఫరెన్స్‌లోని జట్లతోనే. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీల కూటమి అనుకోండి. ఇండియానా ఉన్నది బిగ్ టెన్‌లో. మార్చిలో దేశం మొత్తం మీద 68 జట్లతో ఎన్‌సీఏఏ టోర్నమెంట్ జరుగుతుంది. ఎన్‌సీఏఏ అంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ. ఒక్కసారి ఓడితే ఇంటికే. చివరికి మిగిలే నాలుగు జట్లనీ ఫైనల్ ఫోర్ అంటారు.

ఆటగాడు మామూలుగా నాలుగేళ్ళకి మించి ఉండడు. కోచ్ ముప్పై ఏళ్ళు ఉండొచ్చు. హైస్కూలు పిల్లల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నల్ని ఒప్పించేది ఆయనే, ఎవరు ఆడాలో తేల్చేది ఆయనే, ఎలా ఆడాలో నేర్పేది ఆయనే. మన క్రికెట్ లెక్కలో సెలెక్టర్, కోచ్, మేనేజర్ ముగ్గురూ ఒకే మనిషి. అందుకే జట్టు చరిత్రని కోచ్‌ల పేర్లతో చెప్పుకుంటారు, రాజుల పేర్లతో యుగాలు చెప్పుకున్నట్టు.

గెలుపు శాతంతో కొలిస్తే

అందరికీ మొదట తట్టే కొలత ఇదే. గెలిచిన మ్యాచ్‌లని ఆడిన మ్యాచ్‌లతో భాగించడం. ఇండియానాలో నైట్ 1971 నుంచి 2000 దాకా 662 గెలిచి 239 ఓడారు, అంటే 73.5 శాతం. ఆయన తరవాత వచ్చిన మైక్ డేవిస్ 115-79, అంటే 59.3. టామ్ క్రీన్ 166-135, అంటే 55.1. ఆర్చీ మిల్లర్ 67-58, అంటే 53.6. వుడ్సన్ 60.7.

వీళ్ళ మధ్యలో, 2006 నుంచి 2008 దాకా, కెల్విన్ శాంప్సన్ అని ఒకాయన ఉన్నారు. ఆయన లెక్క 43-15. శాతం కడితే 74.1. నైట్ కంటే ఎక్కువ!

ఈ లెక్కన ఇండియానా జనం శాంప్సన్‌కి గుడి కట్టాలి. కానీ అక్కడ ఆయన పేరెత్తితే మొహాలు మాడిపోతాయి. జట్టులో చేర్చుకోవాలనుకున్న పిల్లలకి నిబంధనలకి మించి ఫోన్లు చేశారన్న ఆరోపణల మీద, సీజన్ మధ్యలో, 2008 ఫిబ్రవరిలో ఏడున్నర లక్షల డాలర్లు ఇచ్చి సాగనంపారు. కొన్నేళ్ళకి ఎన్‌సీఏఏ ఆ ఫోన్ ఆంక్షలు సడలించడం, శాంప్సన్ హ్యూస్టన్ జట్టుని 2025 ఫైనల్ దాకా తీసుకెళ్ళి ఫ్లోరిడా చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోవడం తరవాతి సంగతి. రెండేళ్ళయినా నిండని శాతాన్ని ఇరవై తొమ్మిదేళ్ళ శాతం పక్కన పెట్టడమే ఇక్కడ అసలు తప్పు.

శాంప్సన్ వెళ్ళాక మిగిలిన శిథిలం క్రీన్ నెత్తిన పడింది. స్కాలర్‌షిప్ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. మొదటి మూడేళ్ళు వరసగా 6-25, 10-21, 12-20. కలిపితే 28-66, నూటికి ముప్పై కూడా లేదు. తరవాతి ఆరేళ్ళు విడిగా లెక్క కడితే 138-69, సరిగ్గా మూడింట రెండు వంతులు గెలుపు. బిగ్ టెన్ టైటిళ్ళు కూడా రెండు, 2013లో ఒకటి, 2016లో ఒకటి. 55.1 అనే అంకె ఈ రెండు కథల్లో ఏదీ చెప్పదు. నా మటుకు నాకు, నైట్ తరవాతి కోచ్‌లలో అందరికంటే కష్టమైన పని క్రీన్‌దే. అయినా 2017లో ఆయన్నీ పంపించేశారు.

ఏ నైట్‌తో పోలుస్తున్నారు?

చచ్చినవాడి కళ్ళు చారెడంత అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అభిమాని మనసులో ఉన్న నైట్ 1976 నాటి నైట్. ఆ ఏడు 32 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచారు. ఆ తరవాత 2025 దాకా పురుషుల విభాగంలో ఏ జట్టూ ఓటమి ఎరగకుండా టైటిల్ గెలవలేదు. 1987 ఫైనల్లో సిరక్యూజ్ మీద ఆఖరి క్షణాల్లో కీత్ స్మార్ట్ వేసిన బంతి కూడా ఆ జ్ఞాపకంలో భాగమే. ఒక్క పాయింటు తేడా, 74-73.

అదే నైట్‌కి 1985 కూడా ఉంది. ఆ ఫిబ్రవరిలో పర్డ్యూతో ఆడుతూ, అంపైర్ల మీద కోపంతో ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి కోర్టు మీదకి విసిరారు. టోర్నమెంట్ 64 జట్లకి పెరిగిన మొదటి ఏడు అది, అయినా ఆయన జట్టుకి చోటు దొరకలేదు. ఎన్‌ఐటీ అనే రెండో శ్రేణి పోటీకి వెళ్ళారు. సీజన్ ముగిసేసరికి లెక్క 19 గెలుపులు, 14 ఓటములు.

ఇప్పుడు 2023-24 సీజన్‌లో వుడ్సన్ లెక్క చూడండి. 19 గెలుపులు, 14 ఓటములు. టోర్నమెంట్‌కి పిలుపు రాలేదు. అంకెకి అంకె సరిపోయింది.

ఒకరికి అది కలిసిరాని ఏడాది, మరొకరికి పతనానికి రుజువు. ఇది ఉత్త అన్యాయం అనేస్తే తేలికే గానీ, అభిమాని వైపు నుంచి కూడా చూడాలి. 1985 నాటికి నైట్ జేబులో రెండు టైటిళ్ళున్నాయి. ఊళ్ళో పాత ఖాతా ఉన్నవాడికి షావుకారు అప్పిస్తాడు, కొత్తవాడికి ఇవ్వడు. ఆ అప్పు నైట్ తీర్చారు కూడా, రెండేళ్ళు తిరిగేసరికి 1987 బ్యానర్‌తో. వుడ్సన్‌కి ఖాతా లేదు. ఆటగాడిగా ఉన్న మంచిపేరు మొదటి రెండేళ్ళకే ఖర్చయిపోయింది.

నైట్ ఆఖరి ఆరేళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 1995 నుంచి 2000 దాకా ప్రతి ఏడూ టోర్నమెంట్‌కి వెళ్ళారు, ఆరేళ్ళలో కలిపి గెలిచింది రెండే మ్యాచ్‌లు. నాలుగుసార్లు మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఆ ఆరేళ్ళనే వేరే పేరుతో ఏ కొత్త కోచ్ ఖాతాలోనైనా వేస్తే అప్పుడూ కేకలు తప్పేవి కావు.

నైట్‌ని పంపించింది ఓటముల వల్ల కాదు. 1997 నాటి ప్రాక్టీసులో ఒక ఆటగాడి గొంతు మీద చెయ్యి వేసిన వీడియో 2000లో బయటికి వచ్చింది. ఇంకొక్క తప్పు జరిగినా ఊరుకునేది లేదని యూనివర్సిటీ మే నెలలో షరతు పెట్టింది. సెప్టెంబర్‌లో ఒక విద్యార్థి చెయ్యి పట్టుకుని గదమాయించారన్న గొడవతో ఆ షరతు కాస్తా తెగింది. "నైట్ ఉంటే క్రమశిక్షణ ఉండేది" అని నిట్టూర్చే పెద్దమనుషులు బ్యానర్లని లెక్కలో వేసుకుని కుర్చీని, గొంతుని తీసేస్తారు. ఆయన్ని తిట్టేవాళ్ళు దీన్నే తిరగేసి చేస్తారు. తన దగ్గర నాలుగేళ్ళు ఆడినవాళ్ళలో దాదాపు అందరూ డిగ్రీ పూర్తి చేశారన్నది నిజం. పిల్లల్ని భయపెట్టారన్నదీ నిజం.

ఆట మారింది, ఎంత మారింది?

"రోజులు మారాయి" అన్నది కోచ్‌లని వెనకేసుకొచ్చేవాళ్ళ ప్రధాన వాదన. దీన్ని అంకెల్లో చూడొచ్చు.

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ కోచ్ జాన్ వుడెన్ 1964లో మొదటి టైటిల్ గెలవడానికి టోర్నమెంట్‌లో నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే సరిపోయింది. 1976లో నైట్ ఐదు గెలవాల్సి వచ్చింది. 1985 నుంచి ఆరు. ఎదుటివాడు ఎవరైనా సరే నూటికి 80 సార్లు గెలిచేంత గొప్ప జట్టు ఒకటి ఉందనుకుందాం. వరసగా నాలుగు గెలిచే అవకాశం 41 శాతం. ఐదయితే 33. ఆరుకి 26. అంత గొప్ప జట్టు కూడా నాలుగేళ్ళకోసారే కప్పు ఎత్తుతుంది. మ్యాచ్‌కి 70 శాతం చొప్పున గెలిచే మంచి జట్టుకి మిగిలేది 12 శాతమే. కాబట్టి బ్యానర్లని మాత్రమే లెక్కపెట్టే అభిమాని, కోచ్ పనితనంతో పాటు పాచికల్ని కూడా లెక్కపెడుతున్నట్టే.

కాన్ఫరెన్స్ సంగతీ అంతే. అప్పటి బిగ్ టెన్‌లో పేరుకి తగ్గట్టు పదే జట్లు, ప్రతి జట్టుతోనూ రెండేసి మ్యాచ్‌లు, మొత్తం 18. ఇప్పుడు యూసీఎల్‌ఏతో సహా 18 జట్లు, మ్యాచ్‌లు 20. ఎవరితో రెండుసార్లు తలపడాలో అదృష్టం మీద ఉంటుంది.

అందరికంటే ఎక్కువ మారింది ఆటగాడు. నైట్ కాలంలో జట్టు మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిందే. అయినా వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. లారీ బర్డ్ అంతటివాడు 1974లో నెల తిరక్కుండానే బ్లూమింగ్టన్ వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. కానీ మొత్తం మీద ఆటగాడు కోచ్ గుప్పిట్లో ఉండేవాడు. 2021 నుంచి ఆ కూర్చోవడం పోయింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నారు. ప్రతి వసంతంలోనూ సగం జట్టు పెట్టె సర్దుకోవచ్చు.

ఇక్కడే విమర్శకుల జవాబు కూడా వినాలి, అందులో బలం ఉంది. మారిన రోజులు ఇండియానా ఒక్కదానికే మారాయా? ఆటగాళ్ళు వెళ్ళిపోయే దారిలోనే ఆటగాళ్ళు వస్తారు కూడా. 2024-25లో వుడ్సన్ జట్టుకి డబ్బున్న దాతలున్నారు, వేరే యూనివర్సిటీల నుంచి వచ్చిన పేరున్న ఆటగాళ్ళున్నారు. సీజన్‌కి ముందు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకింగ్‌లో దేశంలోనే 17వ స్థానం ఇచ్చారు. చివరికి 68 జట్లలో చోటు రాలేదు. ఇది నైట్‌తో పోల్చి అన్న మాట కాదు. నీకిచ్చిన సరుకుతో నువ్వేం వండావు అన్న ప్రశ్న.

దానికితోడు అదే క్యాంపస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, దశాబ్దాలుగా నవ్వులపాలైన జట్టు, కర్ట్ సిగ్నెట్టి అనే కొత్త కోచ్ వచ్చిన మొదటి ఏడాదే 2024లో 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళింది. డిసెంబర్‌లో ఆ సంబరం, జనవరిలో ఇలినాయ్ చేతిలో 94-69. పక్కింటివాడు ఒక్క ఏడాదిలో మేడ కట్టాడు, మనింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది అన్నట్టు తయారైంది.

"ఓపిక పట్టండి" అనే వాదన

ఈ వాదన ఎప్పుడూ ముగ్గురు మహానుభావుల పేర్లతో మొదలవుతుంది. డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ మొదటి మూడేళ్ళలో 38 గెలిచి 47 ఓడారు. 1983లో వర్జీనియా చేతిలో 109-66తో ఓడినప్పుడు ఆయన్ని తీసెయ్యాలని పూర్వ విద్యార్థులు గోల చేశారు. యూనివర్సిటీ తియ్యలేదు. తరవాత ఐదు టైటిళ్ళు తెచ్చారు. నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ దిష్టిబొమ్మని 1965లో సొంత విద్యార్థులే వేలాడదీశారు. ఆయన మొదటి టైటిల్ 1982లో వచ్చింది. వుడెన్ 1948లో చేరితే మొదటి కప్పు 1964లో. షెషెఫ్‌స్కీ ఆర్మీ జట్టులో నైట్ దగ్గరే ఆడి ఆట నేర్చుకున్నవాడన్నది ఇక్కడో చిన్న విశేషం.

వినడానికి బాగుంది. కానీ ఇందులో ఒక కన్నం ఉంది. ఓపిక పడితే ఫలించినవాళ్ళ పేర్లే మనకి గుర్తుంటాయి. ఓపిక పట్టినా ఏమీ కానివాళ్ళ పేర్లు ఎవరు రాసుకుంటారు? మధ్యలో తీసేసినవాళ్ళలో ఎంతమంది షెషెఫ్‌స్కీలు అయ్యేవారో చెప్పడానికీ దారి లేదు. లాటరీ గెలిచిన ముగ్గురి ఫొటోలు చూపించి టికెట్ కొనమన్నట్టుంటుంది.

దీనికంటే దగ్గరి ఉదాహరణ పక్క ఊళ్ళోనే ఉంది. ఇండియానాకి బద్ధశత్రువైన పర్డ్యూలో మ్యాట్ పెయింటర్ 2005 నుంచి కోచ్. 2013, 2014లో 16-18, 15-17. 2023లో మొదటి సీడ్‌గా ఉండి, అట్టడుగున ఉన్న పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో ఓడి దేశమంతా నవ్వుకునేలా చేశారు. మరుసటి ఏడాది ఫైనల్ ఆడారు. అదే ఇరవై ఏళ్ళలో ఇండియానా డేవిస్, శాంప్సన్, క్రీన్, మిల్లర్, వుడ్సన్ అని ఐదుగురిని చూసింది. మిల్లర్‌ని పంపడానికి కోటి డాలర్ల పైచిలుకు అయింది, అది దాతలు పెట్టారు. పెయింటర్ ఉన్నాడు కాబట్టి పర్డ్యూ బాగుందా, పర్డ్యూ బాగుంది కాబట్టి పెయింటర్ ఉన్నాడా? నేను మొదటిదాని వైపే మొగ్గుతాను, రుజువు చెయ్యలేను.

ఎవరి ఘనత ఎవరి ఖాతాలో

2002లో డేవిస్ జట్టు డ్యూక్‌ని ఓడించి ఫైనల్ దాకా వెళ్ళి మేరీలాండ్ చేతిలో ఓడింది. నైట్ తరవాత ఇండియానా అంత దూరం వెళ్ళడం అదొక్కసారే. ఆ జట్టులో ముఖ్యులు చాలామంది నైట్ హయాంలో ఎంచుకున్న పిల్లలు. డేవిస్ అంటే గిట్టనివాళ్ళు "అది నైట్ వేసిన పంట, ఇతను కోశాడు" అన్నారు. కానీ అదే పంటతో నైట్ 2000లో మొదటి రౌండ్‌లో పెప్పర్‌డైన్ చేతిలో ఓడారు కదా అని ఎదురు ప్రశ్న. పూర్తిగా అదే జట్టు కాదు, సగం అదే. ఈ తగవు తీరేది కాదు.

ఇప్పటి విశ్లేషకులు ఇలాంటి తగవుల్ని తప్పించుకోవడానికి గెలుపోటముల్ని పక్కన పెట్టి, వంద పొసెషన్లకి ఎన్ని పాయింట్ల తేడా సాధించారో చూస్తారు. పొసెషన్ అంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చి పోయేదాకా. 80 పొసెషన్లలో 10 పాయింట్ల తేడాతో గెలిచినవాడూ, 64 పొసెషన్లలో 8 తేడాతో గెలిచినవాడూ ఒకటే, ఇద్దరిదీ వందకి 12.5. ఎదుటి జట్టు బలాన్ని బట్టి దీన్ని సరిచేస్తారు. షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాలన్న గడువు), మూడు పాయింట్ల గీత (దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు) లేని కాలాన్ని ఇప్పటి కాలంతో పోల్చాలంటే ఇదే కాస్త న్యాయమైన పద్ధతి. అయితే పొసెషన్ల లెక్కకి ఎవరూ బ్యానర్ కట్టరు. పై కప్పుకి వేలాడేది సంవత్సరమే.

2020 ఫిబ్రవరి 8న పర్డ్యూతో మ్యాచ్. హాఫ్ టైమ్‌లో నైట్ దాదాపు ఇరవై ఏళ్ళ తరవాత అసెంబ్లీ హాల్‌లో అడుగుపెట్టారు. అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డారు, పాత శిష్యులు ఆసరాగా నడిపించుకొచ్చారు. హాలంతా లేచి నిలబడింది, చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆయన చేతులూపి "డిఫెన్స్" అని అరిపిస్తే పదిహేడు వేల గొంతులూ అరిచాయి. తరవాత ఆయన వెళ్ళిపోయారు, రెండో సగం మొదలైంది. ఆ రోజు బెంచి దగ్గర నిలబడ్డ కోచ్ ఆర్చీ మిల్లర్. ఇండియానా 74-62తో ఓడింది.